లైబ్రరీ పుట్టించే ఆబ్జెక్టులకు డిపెండెన్సీలు అందించడం ఎలా?

జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్‌లో కొన్నాళ్లు పనిచేసిన ఎవరికైనా ఈ నల్ (ఖాళీ విలువ) పరిచయమే. క్లాస్ మీద కాంపొనెంట్ అనోటేషన్ ఉంటుంది, ఫీల్డ్ మీద ఆటోవైర్డ్ ఉంటుంది, కావలసిన సర్వీస్ బీన్ (స్ప్రింగ్ తయారుచేసి ఉంచే ఆబ్జెక్ట్) కూడా కాంటెక్స్ట్‌లో, అంటే బీన్లన్నీ ఉండే చోట, నిక్షేపంగా ఉంటుంది. యూనిట్ టెస్టులన్నీ పాసవుతాయి. తీరా పొద్దున ఆరింటికి జాబ్ నడిచేసరికి లాగ్‌లో నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్.

అనోటేషన్ పెట్టినంత మాత్రాన ఏ డిపెండెన్సీ (ఆబ్జెక్ట్‌కు కావలసిన ఇంకో ఆబ్జెక్ట్) కూడా ఇంజెక్ట్ కాదు, అంటే బయటి నుంచి అందదు. ఆ ఆబ్జెక్ట్‌ను స్ప్రింగ్ పుట్టిస్తేనే ఆ అనోటేషన్‌ను ఎవరైనా చదువుతారు. క్వార్ట్జ్ (జాబ్ షెడ్యూలర్), హైబర్నేట్ (డేటాబేస్ లైబ్రరీ), కాఫ్కా క్లయింట్ (మెసేజింగ్), లాగ్‌బ్యాక్ (లాగింగ్) లాంటివి మామూలుగా మన దగ్గర క్లాస్ పేరే తీసుకుంటాయి. ఆబ్జెక్ట్‌ను రిఫ్లెక్షన్‌తో, అంటే నడిచేటప్పుడు క్లాస్ పేరును బట్టి, అవే తయారు చేసుకుంటాయి. పక్కన స్ప్రింగ్ అనేదొకటి ఉందన్న సంగతే వాటికి తెలియదు.

ఈ గైడ్ జావా, స్ప్రింగ్ బూట్ వాడేవాళ్ల కోసం. అందరికీ బాగా తెలిసిన కేసు కాబట్టి క్వార్ట్జ్ దగ్గర ఎక్కువసేపు ఆగుదాం, మిగతావి దాని వెంట చూద్దాం. ఉదాహరణకు, రోజూ పొద్దున ఫీజు బకాయి ఉన్నవాళ్లకు మెసేజ్ పంపే ఒక రిమైండర్‌జాబ్ అనుకోండి. దానికి బకాయిసర్వీస్ కావాలి. క్లాసుల పేర్లు పలికినట్టే రాశాను. ఐడీఈలో ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో వెతికితే దొరుకుతాయి.

1. ముందు ‘న్యూ’ ఎవరు కొడుతున్నారో పట్టుకోండి

ఊహించవద్దు, చూడండి. క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టండి. సమస్య సర్వర్ మీద మాత్రమే వస్తుంటే కన్‌స్ట్రక్టర్‌లో ఒక ఎక్సెప్షన్ తయారుచేసి, దాన్ని విసరకుండా స్టాక్ ట్రేస్ మాత్రం లాగ్ చేయండి. పక్కనే సిస్టమ్ ఐడెంటిటీహ్యాష్‌కోడ్ కూడా ప్రింట్ చేయండి. పని అయ్యాక తీసేద్దురు గాని.

ట్రేస్‌ను కింది నుంచి పైకి చదవండి. ఉత్త క్వార్ట్జ్ అయితే అడుగున క్వార్ట్జ్‌షెడ్యూలర్‌థ్రెడ్, దాని పైన జాబ్‌రన్‌షెల్‌లోని ఇనీషియలైజ్, ఆపైన ప్రాపర్టీసెట్టింగ్‌జాబ్‌ఫ్యాక్టరీ, సింపుల్‌జాబ్‌ఫ్యాక్టరీల న్యూజాబ్ మెథడ్, చివరికి న్యూఇన్‌స్టాన్స్, మన కన్‌స్ట్రక్టర్ కనిపిస్తాయి. మీ ఆబ్జెక్ట్ ఎక్కడ పుట్టిందో ఈ వరస చెప్పేస్తుంది. ఏ ఇంటర్ఫేస్ దగ్గర మనం చెయ్యి పెట్టవచ్చో కూడా ఇందులోనే ఉంది: జాబ్‌ఫ్యాక్టరీ.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. జాబ్ క్లాస్ మీద కాంపొనెంట్ అనోటేషన్ ఉంటే స్టార్టప్‌లో స్ప్రింగ్ కూడా దాని ఆబ్జెక్ట్ ఒకటి తయారు చేస్తుంది. కన్‌స్ట్రక్టర్ లాగ్ వస్తుంది, డిపెండెన్సీ అందుతుంది, అంతా బాగుందనిపిస్తుంది. కానీ ఆ ఆబ్జెక్ట్‌ను ఎవరూ వాడరు. ట్రిగ్గర్ (జాబ్ ఎప్పుడు నడవాలో చెప్పేది) మోగినప్పుడు క్వార్ట్జ్ ఇంకొకటి పుట్టిస్తుంది, నల్ వచ్చేది దానిలో. హ్యాష్‌కోడ్ ప్రింట్ చేయమన్నది ఇందుకే. రెండు వేర్వేరు నంబర్లు కనబడితే అనుమానం తీరిపోతుంది. జాబ్ మీద ఆ అనోటేషన్ తీసేయండి, అది పనికి రాకపోగా తప్పుదారి పట్టిస్తుంది.

ట్రేస్ చూస్తున్నప్పుడే ఇంకో రెండు సంగతులు రాసి పెట్టుకోండి. ఆబ్జెక్ట్ పుట్టే సమయానికి స్ప్రింగ్ కాంటెక్స్ట్ సిద్ధంగా ఉందా? ఎన్నిసార్లు పుడుతోంది? క్వార్ట్జ్ జాబ్ ట్రిగ్గర్ మోగిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. కాఫ్కా ఇంటర్‌సెప్టర్ (వెళ్లే, వచ్చే మెసేజ్‌లను మధ్యలో చూసే క్లాస్) క్లయింట్‌కు ఒకటే. లాగ్‌బ్యాక్ అపెండర్ (లాగ్‌లను ఫైల్‌కో ఇంకో చోటికో రాసేది) అయితే కాంటెక్స్ట్ కళ్లు తెరవకముందే పుట్టేస్తుంది. ఏ దారి పట్టాలో ఈ రెండు జవాబులను బట్టే ఉంటుంది.

2. ఇంజెక్షన్ కంటే ముందు పనిని బయటికి లాగండి

రిమైండర్‌జాబ్‌లో రిపాజిటరీ, ఎస్‌ఎంఎస్ క్లయింట్, టెంప్లేట్ ఇంజిన్, క్లాక్, మెట్రిక్స్ అన్నీ కావాలంటే అసలు చిక్కు డిజైన్‌లోనే ఉంది. లైబ్రరీ చేతిలో పుట్టే ఆబ్జెక్ట్‌లో బిజినెస్ లాజిక్ ఉండకూడదు. దాని పని గుమ్మం దాటించడం వరకే. ఎగ్జిక్యూట్ మెథడ్‌లో డేటా తీసుకుని బకాయిసర్వీస్‌లో ఒక్క మెథడ్‌ను పిలవాలి, అంతే. అలా చేస్తే అందించాల్సిన డిపెండెన్సీ ఒక్కటే మిగులుతుంది. కింద చెప్పే దారుల్లో ఏదీ కుదరక స్టాటిక్ దాకా వెళ్లాల్సి వచ్చినా నష్టం ఆ రెండు మూడు లైన్లకే పరిమితమవుతుంది.

ట్రాన్సాక్షనల్ అనోటేషన్ కూడా సర్వీస్ మీదే పెట్టండి, జాబ్ మీద వద్దు. కారణం మూడో అడుగులో వస్తుంది.

3. లైబ్రరీ ఇచ్చిన ఫ్యాక్టరీ ఇంటర్ఫేస్ వాడండి

మంచి లైబ్రరీలు ‘ఆబ్జెక్ట్ తయారీ నువ్వే చేసుకో’ అని ఒక చోటు వదిలిపెడతాయి. క్వార్ట్జ్‌లో అది జాబ్‌ఫ్యాక్టరీ. అందులో న్యూజాబ్ అనే ఒకే మెథడ్ ఉంటుంది. ట్రిగ్గర్ మోగిన వివరాలున్న బండిల్, షెడ్యూలర్ దానికి వస్తాయి. మనం జాబ్ ఆబ్జెక్ట్‌ను తిరిగి ఇవ్వాలి.

క్వార్ట్జ్ మన ఆబ్జెక్ట్ తీసుకోకుండా క్లాస్ పేరే ఎందుకు అడుగుతుందో తెలిస్తే మిగతాది సులువు. షెడ్యూల్ డేటాబేస్‌లో ఉంటే సర్వర్ ఆగి మళ్లీ లేచినా, క్లస్టర్‌లో ఇంకో మెషీన్ ఆ పని అందుకున్నా జాబ్ నడవాలి. అందుకే జాబ్ వివరాల టేబుల్‌లో క్లాస్ పేరును అక్షరాలుగా దాచుకుంటుంది. మెమరీలో ఉన్న ఆబ్జెక్ట్ దానికి అక్కరకు రాదు. ‘సర్వీస్ బీన్‌ను జాబ్‌డేటామ్యాప్‌లో పెట్టేస్తే పోలా’ అనే ఉపాయం చెడేదీ ఇక్కడే. మెమరీలో ఉంచే షెడ్యూల్‌తో అది నడిచినట్టే ఉంటుంది. షెడ్యూల్‌ను డేటాబేస్‌లో ఉంచే జేడీబీసీ స్టోర్‌కు మారిన రోజు మ్యాప్‌ను సీరియలైజ్ చేయబోయి కూలుతుంది. ఆ మ్యాప్‌లో బ్రాంచ్ నంబరు, తేదీ లాంటి చిన్న విలువలే పెట్టండి.

స్ప్రింగ్ వైపు నుంచి ఈ ఫ్యాక్టరీ రెడీమేడ్‌గా దొరుకుతుంది, పేరు స్ప్రింగ్‌బీన్‌జాబ్‌ఫ్యాక్టరీ. స్ప్రింగ్ 5.1 నుంచి అప్లికేషన్‌కాంటెక్స్ట్ చేతికిస్తే జాబ్‌ను కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్‌తోనే తయారు చేస్తుంది. బూట్‌లో క్వార్ట్జ్ స్టార్టర్ కలిపితే ఇదంతా దానంతట అదే అమరుతుంది. రిమైండర్‌జాబ్‌కు బకాయిసర్వీస్ తీసుకునే కన్‌స్ట్రక్టర్ రాయండి, ఫీల్డ్‌ను ఫైనల్ చేయండి. బ్రాంచ్ నంబరుకు ఒక సెట్టర్ రాయండి. కన్‌స్ట్రక్టర్‌లోకి బీన్ వస్తుంది, సెట్టర్‌లోకి డేటామ్యాప్‌లోని అదే పేరున్న విలువ వస్తుంది. సర్వీసులు ఒక దారిన, డేటా ఇంకో దారిన. ఈ విడదీత నాకు చాలా నచ్చుతుంది, చదివేవాళ్లకు ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో చూడగానే తెలుస్తుంది.

బూట్ వాడుతున్నా నల్ వస్తోందంటే ప్రాజెక్టులో ఎవరో షెడ్యూలర్‌ఫ్యాక్టరీబీన్‌ను సొంతంగా డిక్లేర్ చేశారేమో వెతకండి. అది కనబడగానే బూట్ తన అమరిక విరమించుకుంటుంది. జాబ్‌ఫ్యాక్టరీ సెట్ చేయకపోతే అడాప్టబుల్‌జాబ్‌ఫ్యాక్టరీ వచ్చి కూర్చుంటుంది, దానికి ఇంజెక్షన్ తెలియదు. మొదటి అడుగులోని ట్రేస్‌లో ఆ పేరు కనిపించిందా, కారణం ఇదే. సొంత బీన్ తీసేసి, కావలసిన మార్పులు షెడ్యూలర్‌ఫ్యాక్టరీబీన్‌కస్టమైజర్‌లో పెట్టండి.

పాత ప్రాజెక్టుల్లో ఇంకో పద్ధతి కనిపిస్తుంది. లైబ్రరీ తయారుచేసిన ఆబ్జెక్ట్‌ను తీసుకుని ఆటోవైర్‌కేపబుల్‌బీన్‌ఫ్యాక్టరీలోని ఆటోవైర్‌బీన్ మెథడ్‌కు ఇస్తారు. అనోటేషన్లున్న ఫీల్డులు, సెట్టర్లు నిండుతాయి. అంతవరకే. పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ నడవదు, ప్రాక్సీ (ట్రాన్సాక్షన్ లాంటివి కలిపేందుకు స్ప్రింగ్ వేసే పైతొడుగు ఆబ్జెక్ట్) పుట్టదు. దాంతో జాబ్ మీద రాసిన ట్రాన్సాక్షనల్ ఊరికే అలంకారంగా మిగులుతుంది: ఎర్రర్ రాదు, ట్రాన్సాక్షన్ మొదలవదు. ఆ తర్వాత ఇనీషియలైజ్‌బీన్ పిలిచినా అది తిరిగిచ్చే ఆబ్జెక్ట్‌నే వాడాలి. పాతదాన్నే పట్టుకుంటే ప్రాక్సీ గాలికి పోతుంది. క్రియేట్‌బీన్ దారి మేలు అనడానికి కారణం ఇదే, అది మొదలు నుంచి చివరి దాకా స్ప్రింగ్ పద్ధతిలోనే తయారు చేస్తుంది. అలా పుట్టినదాన్ని కూడా స్ప్రింగ్ తర్వాత పట్టించుకోదు. ప్రీడిస్ట్రాయ్ పిలవరు కాబట్టి జాబ్‌లో కనెక్షన్లు, థ్రెడ్‌పూల్‌లు తెరవకండి.

ప్రొడక్షన్‌లో ఏడిపించే సంగతి ఒకటుంది. న్యూజాబ్ ఎక్సెప్షన్ విసిరితే, అంటే డిపెండెన్సీ దొరకక జాబ్ పుట్టకపోతే, క్వార్ట్జ్ ఆ జాబ్ ట్రిగ్గర్లన్నిటినీ ఎర్రర్ స్టేట్‌లోకి నెడుతుంది. జేడీబీసీ స్టోర్ అయితే ఆ స్టేట్ డేటాబేస్‌లోనే ఉండిపోతుంది. మీరు బగ్ సరిచేసి కొత్త వెర్షన్ ఎక్కించినా మర్నాడు పొద్దున మెసేజ్‌లు వెళ్లవు, లాగ్‌లోనూ ఏమీ ఉండదు. షెడ్యూలర్‌లో రీసెట్‌ట్రిగ్గర్‌ఫ్రమ్‌ఎర్రర్‌స్టేట్ అనే మెథడ్ ఉంది. రిలీజ్ చెక్‌లిస్ట్‌లో దాన్ని చేర్చుకోండి.

4. హైబర్నేట్ దగ్గర నిశ్శబ్దంగా జరిగే మోసం

అట్రిబ్యూట్‌కన్వర్టర్ (ఫీల్డు విలువను డేటాబేస్ విలువగా, తిరిగి ఫీల్డుగా మార్చేది), ఎంటిటీ లిజనర్ (ఎంటిటీ, అంటే టేబుల్ రికార్డుకు సమానమైన ఆబ్జెక్ట్, సేవ్ కావడం లాంటివి గమనించేది) ఈ రెండింటినీ హైబర్నేటే పుట్టిస్తుంది. ఆధార్ నంబరును ఎన్‌క్రిప్ట్ చేసి దాచే కన్వర్టర్‌కు కీ ఇచ్చే సర్వీస్ కావాలనుకోండి. హైబర్నేట్ 5.3లో బీన్‌కంటెయినర్ అనే ఇంటర్ఫేస్ వచ్చింది, దానికి జతగా స్ప్రింగ్ 5.1లో స్ప్రింగ్‌బీన్‌కంటెయినర్ వచ్చింది. బూట్ 2.1 నుంచి ఇది తనంతట తానే తగులుకుంటుంది. కాబట్టి కన్వర్టర్‌కు కన్‌స్ట్రక్టర్‌లో సర్వీస్ అడిగితే చాలు.

చిక్కు వేరే చోట ఉంది. ఏ కారణం వల్లనైనా స్ప్రింగ్ ఆ బీన్‌ను తయారు చేయలేకపోతే ఈ కంటెయినర్ వెంటనే ఎర్రర్ ఇవ్వదు. డీబగ్ లెవెల్‌లో ఒక లైన్ రాసి, హైబర్నేట్ పాత పద్ధతికి, అంటే ఖాళీ కన్‌స్ట్రక్టర్‌కు దిగిపోతుంది. మీ క్లాస్‌కు ఖాళీ కన్‌స్ట్రక్టర్, ఆటోవైర్డ్ ఫీల్డు ఉంటే అప్లికేషన్ లేస్తుంది, ఫీల్డు నల్‌గా ఉంటుంది, మొదటి రికార్డు చదివినప్పుడు బయటపడుతుంది. అందుకే ఇలాంటి క్లాసుల్లో ఖాళీ కన్‌స్ట్రక్టర్ అసలు ఉంచకండి. డిపెండెన్సీ తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే రెండో దారి కూడా మూసుకుపోయి స్టార్టప్‌లోనే ఆగుతుంది. స్టార్టప్‌లో ఆగడమే మనకు కావాలి.

కన్వర్టర్‌కు కావలసిన సర్వీస్ లోపల రిపాజిటరీ వాడుతుంటే ఇంకో ముడి పడుతుంది. రిపాజిటరీకి ఎంటిటీమేనేజర్‌ఫ్యాక్టరీ కావాలి, ఆ ఫ్యాక్టరీ లేవాలంటే కన్వర్టర్ కావాలి. ఆబ్జెక్ట్‌ప్రొవైడర్ రూపంలో తీసుకుని, మొదటిసారి అవసరమైనప్పుడు అసలు సర్వీస్ అడగండి. వీలైతే ఆ కీ డేటాబేస్‌లో లేకుండా చూసుకోవడం ఇంకా మంచిది.

వాలిడేటర్లది దీనికి చుట్టరికమున్న కథ. మనం రాసిన కాన్‌స్ట్రెయింట్‌వాలిడేటర్ కంట్రోలర్‌లో చక్కగా ఇంజెక్ట్ అవుతుంది, ఎందుకంటే అక్కడ స్ప్రింగ్ వాలిడేటర్ ఫ్యాక్టరీ ఉంటుంది. అదే వాలిడేటర్ ఎంటిటీని సేవ్ చేసేటప్పుడు నల్ అంటుంది. సేవ్‌కు ముందు జేపీఏ (హైబర్నేట్ పాటించే జావా డేటాబేస్ ప్రమాణం) మళ్లీ వాలిడేట్ చేస్తుంది, ఫ్యాక్టరీ ఇవ్వకపోతే సొంతంగా ఒకటి తయారు చేసుకుంటుంది మరి. హైబర్నేట్‌ప్రాపర్టీస్‌కస్టమైజర్‌లో జేపీఏ వాలిడేషన్ ఫ్యాక్టరీ ప్రాపర్టీకి స్ప్రింగ్ వాలిడేటర్‌నే విలువగా ఇస్తే రెండు చోట్లా ఒకటే నడుస్తుంది.

ఎంటిటీల్లోకే సర్వీసులు ఇంజెక్ట్ చేయవచ్చా అని అడిగేవాళ్లుంటారు. యాస్పెక్ట్‌జే వీవింగ్‌తో (క్లాస్‌లోకి అదనపు కోడ్ చేర్చడం), కాన్ఫిగరబుల్ అనోటేషన్‌తో కుదురుతుంది. ‘న్యూ’ కొట్టిన చోటే అది జోక్యం చేసుకుంటుంది. కానీ బిల్డ్‌కో, జేవీఎం ఏజెంట్‌కో మార్పు చేయాలి, కొత్తగా టీమ్‌లో చేరినవాళ్లకు అది అర్థం కావడానికి వారం పడుతుంది. నేనైతే సర్వీస్‌ను ఎంటిటీ మెథడ్‌కు ఆర్గ్యుమెంట్‌గా పంపిస్తాను.

5. ఫ్యాక్టరీ లేదు, కాన్ఫిగరేషన్ మ్యాప్ ఉంది

కాఫ్కా ఇంటర్‌సెప్టర్లకు ఫ్యాక్టరీ ఇంటర్ఫేస్ లేదు. క్లాస్ పేరు ఇస్తే క్లయింట్ ఖాళీ కన్‌స్ట్రక్టర్‌తో ఆబ్జెక్ట్ పుట్టించి, వెంటనే కాన్ఫిగర్ మెథడ్‌కు మొత్తం కాన్ఫిగరేషన్ మ్యాప్‌ను ఇస్తుంది. ఆ మ్యాప్‌లో విలువలు స్ట్రింగులే కావాలన్న నియమం లేదు. మన బీన్‌ను కూడా ఒక కీ పేరుతో అందులో పెట్టి పంపవచ్చు.

ప్రాపర్టీస్ ఫైల్‌తో ఇది కుదరదు, జావా కోడ్‌లోనే చేయాలి. బూట్ అయితే డిఫాల్ట్‌కాఫ్కాప్రొడ్యూసర్‌ఫ్యాక్టరీకస్టమైజర్ బీన్ రాసి, అందులో అప్‌డేట్‌కాన్ఫిగ్స్‌కు ఇంటర్‌సెప్టర్ క్లాస్ పేరు, మన బీన్ రెండూ ఇవ్వండి. కీ పేరుకు ముందు మీ ప్రాజెక్టు పేరు తగిలించండి, రేపు కాఫ్కాలోనే అదే పేరుతో ఒక సెట్టింగ్ వస్తే గొడవ ఉండదు. ఇది తెలియని సెట్టింగ్ అని కాఫ్కా లాగ్‌లో ఒక మాట అనవచ్చు, అన్నా కంగారు పడనక్కర్లేదు.

కాన్ఫిగర్ మెథడ్‌లో ఆ బీన్ నిజంగా వచ్చిందో లేదో చెక్ చేసి, రాకపోతే అక్కడే ఎక్సెప్షన్ విసరండి. ఇది తప్పనిసరి. ఎందుకంటే ఆన్‌సెండ్ మెథడ్‌లో వచ్చే ఎక్సెప్షన్లను క్లయింట్ పట్టేసి, లాగ్‌లో రాసి ముందుకు పోతుంది. మెసేజ్‌లు వెళ్తూనే ఉంటాయి. మీ ఇంటర్‌సెప్టర్ మాత్రం పనిచేయదు. కాన్ఫిగర్‌లో విసిరితే ప్రొడ్యూసరే పుట్టదు, తప్పు ఆ క్షణమే తెలుస్తుంది.

ఇంటర్‌సెప్టర్‌కు క్లోజ్ మెథడ్ కూడా ఉంది. అందులో మ్యాప్ నుంచి వచ్చిన బీన్‌ను మూసేయకండి. దాన్ని వాడేవాళ్లు ఇంకా ఉంటారు.

6. మనమే తయారుచేసి లైబ్రరీ చేతికి ఇవ్వగలమా?

కొన్ని లైబ్రరీలు క్లాస్ పేరుతో పాటు తయారైన ఆబ్జెక్ట్‌ను కూడా తీసుకుంటాయి. ఎక్స్‌ఎంఎల్ ఉదాహరణలే చూసి చాలామంది ఈ దారి గమనించరు. లాగ్‌బ్యాక్ అపెండర్ అలాంటిదే. ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తే స్ప్రింగ్ కంటే ముందే పుడుతుంది కాబట్టి ఇంజెక్షన్ ప్రసక్తే లేదు. దాన్ని ఎక్స్‌ఎంఎల్ నుంచి తీసేసి మామూలు బీన్‌గా రాయండి. బీన్ తయారయ్యాక లాగర్‌కాంటెక్స్ట్‌ను దానికి సెట్ చేసి, స్టార్ట్ పిలిచి, రూట్ లాగర్‌కు యాడ్‌అపెండర్‌తో తగిలించండి. కాంటెక్స్ట్ మూసేటప్పుడు ముందు విడదీసి, తర్వాత స్టాప్ పిలవండి. తగిలించక ముందు వచ్చిన లాగ్‌లు ఈ అపెండర్‌కు చేరవు. స్టార్టప్ లాగ్‌లు కూడా తప్పకుండా కావాలంటే ఈ దారి మీకు సరిపడదు.

సర్వ్‌లెట్ ఫిల్టర్ల సంగతీ ఇంతే. సర్వ్‌లెట్ 3.0 నుంచి ఫిల్టర్ ఆబ్జెక్ట్‌నే రిజిస్టర్ చేయవచ్చు, బూట్ చేసేది అదే. పాత వెబ్ ఎక్స్‌ఎంఎల్ ఉన్న అప్లికేషన్ అయితే డెలిగేటింగ్‌ఫిల్టర్‌ప్రాక్సీ వాడండి.

7. ఏ దారీ లేకపోతే స్టాటిక్

జావాలోనే ఉన్న సర్వీస్‌లోడర్‌తో లోడయ్యే ప్లగిన్ అనుకోండి. ఖాళీ కన్‌స్ట్రక్టర్ తప్ప ఇంకేమీ ఒప్పుకోదు. జావా 9 మాడ్యూళ్లలో ప్రొవైడర్ అనే స్టాటిక్ మెథడ్ రాసుకోవచ్చు, కానీ అదీ స్టాటిక్కే. ఇలాంటప్పుడు స్టాటిక్ హోల్డర్ వాడటంలో సిగ్గుపడాల్సింది లేదు, పద్ధతిగా వాడితే చాలు.

అప్లికేషన్‌కాంటెక్స్ట్ మొత్తాన్ని స్టాటిక్‌లో పెట్టకండి. పెట్టారంటే ఆరు నెలల్లో ప్రాజెక్టులో ప్రతి మూలా దాన్నుంచి గెట్‌బీన్ పిలవడం మొదలవుతుంది. ఆ ప్లగిన్‌కు కావలసిన ఒక్క ఇంటర్ఫేస్‌ను మాత్రమే పెట్టండి, క్లాస్‌ను ప్యాకేజీ బయటికి కనబడనివ్వకండి. సెట్ చేయడం, కాంటెక్స్ట్ మూసేటప్పుడు ఖాళీ చేయడం రెండూ ఒకే బీన్ చేయాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఎవరైనా అడిగితే నల్ తిరిగివ్వకుండా, ‘కాంటెక్స్ట్ ఇంకా సిద్ధం కాలేదు’ అని స్పష్టంగా చెప్పే ఎక్సెప్షన్ విసరండి. ప్లగిన్ కూడా విలువను కన్‌స్ట్రక్టర్‌లో కాకుండా పని చేసే క్షణంలో అడగాలి.

స్టాటిక్‌తో ఇబ్బంది ఎక్కువగా టెస్టుల్లో వస్తుంది. స్ప్రింగ్ టెస్ట్ ఒకే జేవీఎంలో పలు కాంటెక్స్ట్‌లను క్యాష్ చేసి ఉంచుతుంది. హోల్డర్‌లో ఉండేది ఆఖరున లేచిన కాంటెక్స్ట్ తాలూకు బీన్. మొదటి కాంటెక్స్ట్‌లో మాక్ (టెస్ట్ కోసం అసలుదాని బదులు పెట్టే నకిలీ ఆబ్జెక్ట్) పెట్టిన టెస్ట్ మళ్లీ నడిచేసరికి వేరే మాక్‌తో మాట్లాడుతుంటుంది. విడిగా నడిపితే పాస్, అన్నీ కలిపి నడిపితే ఫెయిల్ అయ్యే టెస్ట్ కనబడితే ముందు ఈ హోల్డర్‌నే చూడండి.

8. టెస్ట్‌లో ఆబ్జెక్ట్‌ను మీరు పుట్టించకండి

రిమైండర్‌జాబ్‌ను టెస్ట్‌లో న్యూ కొట్టి, మాక్ ఇచ్చి, ఎగ్జిక్యూట్ పిలిస్తే ఇంజెక్షన్ గురించి ఏమీ తెలియదు. మొదట్లో పాసైన యూనిట్ టెస్టులు అలాంటివే. లైబ్రరీ చేతే పుట్టించే టెస్ట్ ఒకటి కావాలి. క్వార్ట్జ్‌కు అసలు షెడ్యూలర్‌ను లేపి, ట్రిగ్గర్‌జాబ్ పిలిచి, బకాయిసర్వీస్ మాక్‌కు కాల్ వచ్చిందో లేదో టైమౌట్‌తో చూడండి. జాబ్ వేరే థ్రెడ్‌లో నడుస్తుంది కాబట్టి టైమౌట్ లేకపోతే టెస్ట్ ఒకసారి పాసై ఒకసారి ఫెయిలవుతుంది. కన్వర్టర్‌కు ఒక ఎంటిటీ సేవ్ చేసి, ఎంటిటీమేనేజర్‌ను ఫ్లష్, క్లియర్ చేసి మళ్లీ చదవండి. క్లియర్ చేయకపోతే హైబర్నేట్ మెమరీలో ఉన్నదే తిరిగిస్తుంది, చదివే వైపు కన్వర్టర్ అసలు నడవదు.

ఇలాంటి టెస్ట్ లైబ్రరీకి ఒకటి చాలు, ప్రతి జాబ్‌కూ అక్కర్లేదు. స్ప్రింగ్ వెర్షనో క్వార్ట్జ్ వెర్షనో పెంచిన రోజు మాత్రం దాన్ని ముందుగా నడపండి.